జలప్రళయం ఎవరిది?

నారాయణగూడలో మిఠాయి దుకాణం మీది హాల్లో నర్మదను సెమీఫైనల్ బల్ల ముందు కూర్చోబెట్టి పోయిన వారం ఆగాం. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు మాటలు చెప్పి ముందుకు పోదాం. నర్మద అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది. తల్లి మాసమ్మ పాలమూరు నుంచి వచ్చి, కవాడిగూడ బస్తీలో ఉంటూ ఇళ్ల కట్టుబడి పనికి పోతుంది. ‘ఖిల్లా’ అనే కార్డుల ఆటకు ఆ ఆదివారం రాష్ట్రస్థాయి పోటీ. గెలిచినవాళ్లు పుణెలో జరిగే జాతీయ పోటీకి వెళతారు. పొద్దున్నుంచి నర్మద ఒక్క పోటీ కూడా ఓడలేదు. ఆట అయిపోయాక ఆమె, తనకు ఈ ఆట నేర్పిన కళ్యాణ్‌కు ఒక జవాబు చెప్పాలి. పెళ్లి చేసుకుందామా అని అతడు అడిగి చాలా రోజులైంది. ఔననే చెప్పాలని ఆమె మనసులో ఖాయం చేసుకుంది.

అప్పుడు ఎదుటి కుర్చీ లాక్కుని ఆమని కూర్చుంది. ఒకప్పుడు అదే హాస్టల్లో పక్క మంచం మీద పడుకున్న ఆమని. ఒకే గిన్నెలో ఉప్మా కలుపుకుని తిన్న ఆమని. గ్రూప్-ఫోర్‌లో ఉద్యోగం రాగానే ఒక్క మాటైనా చెప్పకుండా సామాను సర్దుకుని అడిక్‌మెట్ వెళ్లిపోయిన ఆమని.

“బాగున్నారా?” అంది ఆమని, కార్డులు కలుపుతూ.

ఆ ‘రు’ నర్మదకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఏమే, ఏందే అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగని మనిషి!

“మంచిగనే ఉన్న,” అంది. బల్ల కింద ఆమె మోకాలు అప్పటికే ఊగడం మొదలుపెట్టింది.

ఖిల్లా ఆట తెలియనివాళ్లకు కష్టమేం కాదు. ఇద్దరి ముందూ చెరో కోట, కోటకు ఇరవై రాళ్లు. చేతిలోని కార్డులతో సైన్యాన్ని దింపి ఎదుటివాళ్ల రాళ్లు పడగొట్టాలి. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్లదే పోటీ. ఎవరి కట్ట వాళ్లిష్టం వచ్చినట్టు పేర్చుకోవచ్చు. ఆమనిది గుర్రాల కట్ట. మొదటి ఎత్తు నుంచే మీదపడి ఊపిరి తీసుకోనివ్వదు. నర్మదది కంట్రోల్ డెక్. అందులో సైన్యం దాదాపు లేదు. ఎదుటివాడు దింపినదాన్ని తీసేయడం, ఆపడం, ఆలస్యం చేయడం. వాడి చేతిలో సత్తువ ఉడిగేదాకా ఒక్క రాయి మీదనైనా కోటను నిలబెట్టుకోవడం. ఆ తరువాత తీరుబడిగా గెలవడం. ఆ కట్ట ఆడేవాళ్లు నెమ్మదస్తులై ఉండాలంటారు.

నర్మద నెమ్మదస్తురాలు కాదు. చిక్కడపల్లి లైబ్రరీలో అందరూ కూర్చుని చదువుతుంటే ఆమె మెట్ల మీద తిరుగుతూ చదివేది. బస్సు రావడం ఆలస్యమైతే స్టాపులో నిలబడలేక తరువాతి స్టాపుకు నడిచిపోయేది. తీరా వెనకనుంచి బస్సు ఆమెను దాటుకుని వెళ్లిపోయేది. అలాంటి మనిషి ఈ కట్ట ఎందుకు పట్టిందంటే, ఆమెను కాళ్లు చేతులు కట్టేసినట్టు ఒకచోట కూర్చోబెట్టగలిగింది లోకంలో ఇదొక్కటే. పైగా పరీక్ష రాస్తే వాయిదాలు, కేసులు దాటి ఫలితం వచ్చేసరికి జుట్టు నెరిసేలా ఉంది. ఇక్కడ పొద్దున మొదలుపెడితే సాయంత్రానికల్లా గెలుపో ఓటమో తేలిపోతుంది. ఆ తేలిపోవడం కోసమే ఆమె ఆదివారాల కోసం ఎదురుచూసేది.

మొదటి ఆటలో ఆమని గుర్రాలు వరుసగా దిగాయి. నర్మద కోట రాళ్లు జలజలా రాలాయి. చుట్టూ చేరినవాళ్లు ఇక అయిపోయిందన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నర్మద ఏమీ దింపకుండా “నీ వంతు” అంది. మళ్లీ “నీ వంతు” అంది. ఆమని ఒక్క క్షణం తలెత్తి చూసింది. ఇంత ఓపిక ఎక్కడిది దీనికి అన్నట్టుంది ఆ చూపు. చేతిలో ఉన్న చివరి గుర్రాన్ని కూడా బల్ల మీదకు దింపింది.

అప్పుడు నర్మద ఆ కార్డు పెట్టింది. జలప్రళయం.

నల్లటి నీటిగోడ బొమ్మ ఉన్న కార్డు. అది పడితే రెండువైపులా ఉన్న సైన్యమంతా కొట్టుకుపోతుంది. ఆట కొత్తగా వచ్చినప్పుడు వేసిన మొదటి అచ్చులోనే అది ఉంది, తరువాత మళ్లీ వేయలేదు. నగరంలో అది ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బల్ల మొత్తం ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి నర్మద ఏనుగును దింపింది. ఆమని చేతిలో ఏమీ మిగల్లేదు. కాసేపట్లో ఆట ముగిసింది.

హాల్లో చప్పట్లు మోగాయి. నర్మద కార్డులు పోగుచేసుకోబోతే ఆమని చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆ కార్డు కవరు తీయండి.”

“ఎందుకు?”

“తీసి వెనక చూడండి. కింద మూలకు చిలకపచ్చ గోళ్లరంగు చుక్క ఉంటది. లేకుంటే నేను ఇప్పుడే ఓడిన అని చెప్పి లేచిపోత.”

నర్మదకు మొదట ఆ మాట అర్థం కాలేదు. ప్రతి కార్డుకూ ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ముందువైపు పారదర్శకం, వెనకవైపు నలుపు. వెనక ఏముందో తొడుగు తీస్తే తప్ప తెలియదు. ఈ కార్డు కళ్యాణ్ ఇచ్చింది. బెంగళూరులో ఎవరి దగ్గరో దొరికిందన్నాడు. తొడుగుతో సహా చేతిలో పెట్టి, “తీయకు, పాతది, అంచులు చిరుగుతయ్,” అన్నాడు. ఆమె ఒక్కసారి కూడా తీయలేదు. పుట్టినరోజుకు వచ్చిన కానుక. దాన్ని చూసినప్పుడల్లా తన కోసం ఇంత వెతికిన మనిషి ఒకడున్నాడని గుండె నిండేది.

“ఆమనీ, నువ్వు ఏం అంటున్నవో నీకు తెలుస్తున్నదా?”

“నాకు రెండేండ్ల నుంచి తెలుసు. మీరే తీయండి. నేను ముట్టుకోను.”

పోటీ నడిపిస్తున్న విజయశ్రీ గారు అప్పటికే వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. బొమ్మల దుకాణం నడుపుతారావిడ. తెల్లటి జుట్టు, మెడలో ఈల. ఆటలో తగాదా వస్తే ఆమె మాటే మాట.

నర్మద తొడుగు అంచు గోటితో పట్టుకుని కార్డును బయటకు జార్చింది. వెనక్కు తిప్పింది.

కింద మూలన, ఆవగింజంత, చిలకపచ్చ చుక్క.

కిటికీ అవతల మెట్రో రైలు పోయిన చప్పుడుకు హాలు అద్దాలు అదిరాయి. రైలు పోయినా నర్మద చెవుల్లో ఆ హోరు ఆగలేదు.

“కార్డుల పాకెట్ విప్పిన రోజు గోళ్లకు రంగు వేసుకుంటున్న,” అంది ఆమని. “సంబురంల చెయ్యి తగిలి ఒక చుక్క పడ్డది. అంత మంచి కార్డు పాడుచేసిన అని సిగ్గయి ఎవ్వరికి చెప్పలేదు. నీకు కూడా చెప్పలేదు. ట్రంకు పెట్టెల అడుగున పెట్టిన. హాస్టల్‌కు రంగులు వేసినంక చూస్తే లేదు. మరుసటి నెలల నువ్వు జలప్రళయం పట్టుకుని ఆడుతున్నవని విన్న. ఇంకేం అనుకోవాలె?”

‘మీరు’ ఎక్కడో జారిపోయిందని ఇద్దరూ గమనించలేదు.

“నన్ను అడగొచ్చు గదా!”

“అడిగితే నువ్వు కాదంటవ్. నేను నమ్మ. ఒకే గదిల ఎట్ల ఉండాలె మళ్ల?”

ఆమని వెళ్లిపోయిన రోజు హాస్టల్ గది నర్మద కళ్ల ముందు మెదిలింది. లైబ్రరీ నుంచి వచ్చేసరికి పక్క మంచం ఖాళీ. పరుపు చుట్ట కూడా లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఉద్యోగం వచ్చిన గర్వమనుకుంది. ఏడ్చింది, తిట్టుకుంది, అడిక్‌మెట్ వైపు వెళ్లే బస్సు చూస్తే మొహం తిప్పుకుంది.

రంగులు వేసినప్పుడు హాస్టల్ పిల్లల సామానంతా ఎక్కడ పెట్టారో ఆమెకు గుర్తుంది. పక్క సందులోని కోచింగ్ సెంటర్‌లో, వెనక గదిలో. ఆ గది తాళంచెవి అక్కడ లెక్కలు చెప్పే కళ్యాణ్ దగ్గర ఉండేది.

ఆమె చటుక్కున తల తిప్పి హాలంతా చూసింది. కిటికీ దగ్గర అతడు కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది. టీ తెస్తానని కిందికి వెళ్లాడు.

“ఇద్దరూ వినండమ్మా,” అన్నారు విజయశ్రీ గారు. “కార్డు ఎవరిదన్నది నేను తేల్చేది కాదు, అది మీ బయటి గొడవ. నర్మద దాంతోనే ఆడతానంటే నియమాలు ఒప్పుకుంటాయి. ఆడనంటే, దాని బదులు ఏ బలమూ లేని ఉత్త రాయి కార్డు ఒకటి నేనిస్తాను. కట్టలో యాభై ఉండాలి, అంతే. త్వరగా చెప్పండి.”

చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో అన్నారు: “ఉంచుకో అక్కా, ఆట అయినంక చూసుకోవచ్చు.”

అది తెలివైన మాటే. ఆ ఒక్క కార్డు లేకపోతే గుర్రాల కట్ట ముందు కంట్రోల్ డెక్ నిలవదని ఆ హాల్లో ప్రతివాళ్లకూ తెలుసు. నర్మదకు ఇంకా బాగా తెలుసు. ఒక్క ఆట గెలిస్తే ఫైనల్. పుణె. ఇన్నేళ్లకు ఒక్కసారైనా తన పేరు గెలిచినవాళ్ల జాబితాలో.

ఆమె కార్డును బల్ల మీదుగా ఆమని వైపు జరిపింది.

“తీసుకో. మేడమ్, నాకు రాయి కార్డు ఇయ్యండి.”

ఆమని దాన్ని వెంటనే తీసుకోలేదు. కొంతసేపు చూసి, చున్నీ కొసతో తుడిచి, సంచిలో లోపలి అరలో పెట్టి జిప్పు లాగింది. “ఇంక ఇది నా చెయ్యి దాటి పోదు,” అంది, ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు.

రెండో ఆట గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. నర్మద కూర్చున్నది బల్ల ముందే గానీ మనసు మెట్ల మీద ఉంది. ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా తల తిప్పింది. ఆపాల్సినచోట ఆపలేదు. ఆగాల్సినచోట తొందరపడి ఏనుగును దింపితే ఆమని బల్లెం కార్డుతో దాన్ని అక్కడికక్కడే పడగొట్టింది. జలప్రళయం భయం లేదు కనుక గుర్రాలు మందలుగా వచ్చాయి. కోట నేలమట్టమైంది.

చివరి రాయి పడిన సమయానికి కళ్యాణ్ వచ్చాడు. చేతిలో టీ కప్పులు, ఉస్మానియా బిస్కెట్ల పొట్లం. గుంపును తోసుకుంటూ నవ్వు మొహంతో ముందుకు వచ్చినవాడు, నర్మద కార్డుల వరుసలో ఖాళీ నల్ల తొడుగును చూశాడు. తరువాత ఆమనిని చూశాడు.

ఏమైందని అతడు అడగలేదు. దొంగతనం మోపారని తెలిసిన మనిషికి కోపం రావాలి. ఏ సంగతీ తెలియని మనిషికి ఆశ్చర్యం కలగాలి. కళ్యాణ్ మొహంలో ఆ రెండూ లేవు. కప్పులు ఒలకకుండా మెల్లగా కిటికీ గట్టు మీద పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నర్మదకు ఇక అడగాల్సిన పని లేకపోయింది.

“ఆడగలవా?” అంది ఆమని మెల్లగా. ఆమె కూడా కళ్యాణ్‌ను చూసింది. ఆమెకు కూడా అర్థమైంది.

“కలుపు,” అంది నర్మద.

మూడో ఆటలో ఒక చిత్రం జరిగింది. లోపల అంత మంట రేగుతున్నా నర్మద మోకాలు ఊగడం ఆగింది. లేచి వెళ్లి అతడి చొక్కా పట్టుకోవాలని ఒళ్లంతా కొట్టుకుంటోంది. లేవడానికి వీల్లేదు. ఆట ముగిసేదాకా ఈ కుర్చీయే ఆమె లోకం. ఆ కోపాన్నంతా పళ్ల బిగువున పట్టి కార్డుల మీద పెట్టింది.

గుర్రాలు దిగాయి. ఒక్కొక్కదాన్నే తీసింది. ఒకదానికి సంకెళ్లు వేసింది, ఒకదాన్ని వెనక్కు పంపింది. తీసేకొద్దీ ఇంకా దిగుతున్నాయి. రాళ్లు పడుతూనే ఉన్నాయి. ఏనుగు కార్డు ఆమె చేతిలోకి ఎప్పుడో వచ్చింది. ఏనుగు వాకిట్లో నిలబడితే గుర్రాలు కోటలోకి రాలేవు. దింపు, దింపు అని వేళ్లు తహతహలాడాయి. కార్డు సగం పైకి లేచింది కూడా.

అప్పుడు ఆమని చెయ్యి చూసింది. ఎడమచేతిలో ఒకే ఒక్క కార్డు ఉంది. ఆట మొదట్లో వచ్చింది, ఇప్పటిదాకా కదలలేదు. పక్కన ఎన్ని కార్డులు వచ్చిపోయినా అది మాత్రం బొటనవేలి కింద అలాగే ఉంది. బల్లెం. ఏనుగు కోసం దాచి ఉంచింది. రెండో ఆటలో తొందరపడి దింపిన పిల్ల మూడో ఆటలోనూ తొందరపడుతుందని ఆమనికి నమ్మకం. పక్క మంచం మీద పడుకున్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది?

నర్మద ఏనుగు కార్డును మళ్లీ చేతిలోకి లాక్కుంది. “నీ వంతు.”

గుంపులో ఎవరో నిట్టూర్చారు. కోటకు నాలుగు రాళ్లే మిగిలాయి. నర్మద సంధి కార్డు వేసింది. సంధి పడితే ఆ ఒక్క వంతుకు సైన్యాలు కదలకూడదు. బల్లెం సైన్యం కాదు. దాన్ని ఏనుగు మీదనే కాదు, కోట మీద కూడా విసరవచ్చు. విసిరితే మూడు రాళ్లు పోతాయి.

ఆమని చాలాసేపు ఆలోచించింది. ఎదుట ఒంటరి కోట, నాలుగు రాళ్లు. ఏనుగు ఉండి ఉంటే ఈపాటికి దింపేసేదే కదా, ఇది నర్మద కదా. ఆమని బల్లెం ఎత్తి కోట మీదకు విసిరింది. మూడు రాళ్లు కూలాయి. ఒక్క రాయి నిలిచింది.

నర్మద ఏనుగును తీసి వాకిట్లో పెట్టింది.

ఆమని ఖాళీ చేతిని చూసుకుంది. తరువాత ఏనుగును చూసింది. తరువాత పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికో, ఏడుపు ఆపుకోవడానికో చూసేవాళ్లకు తెలియలేదు. అక్కడినుంచి గుర్రాలు గేటు బయటే నిలబడిపోయాయి. వంతు వంతుకూ ఏనుగు వెళ్లి ఆమని కోట రాళ్లు పడగొడుతూ వచ్చింది. ఆమని తీసిన ఏ కార్డూ దాన్ని ఆపలేకపోయింది. ఆట ముగిసింది. విజయశ్రీ గారు ఈల వేసి నర్మద చెయ్యి పైకెత్తారు.

“ఎప్పుడు నేర్చుకున్నవే ఆగుడు?” అంది ఆమని, లేచి నిలబడుతూ.

“నేర్చుకోలే. ఇయ్యాల కుర్చీ పట్టుకుని కూర్చున్న.”

ఆమని తన కట్టను సంచిలో వేసుకుంది. “నిన్ను రెండేండ్లు దొంగ అనుకున్న, నర్మదా. దానికి ఏం చెప్పాల్నో నాకు ఇప్పుడు తెలుస్తలేదు. జర టైం ఇయ్యి.”

“ముందు నేను ఒకరితోని మాట్లాడాలె,” అంది నర్మద. కట్టను పెట్టెలో వేసుకుని, కిటికీ దగ్గరున్న మనిషి వైపు చూడకుండానే అతడిని దాటి మెట్ల మలుపు దగ్గరికి నడిచింది. కళ్యాణ్ వెనకే వచ్చాడు.

అక్కడ మంచినీళ్ల డ్రమ్ము, దాని పక్కన విరిగిన కుర్చీలు. కిందనుంచి మిఠాయి దుకాణంలో కాగుతున్న నెయ్యి వాసన వస్తోంది.

“నువ్వు తీసినవా?”

“ఫైనల్ ఉన్నది నర్మదా. అది అయినంక కూర్చుని మాట్లాడుకుందాం.”

“తీసినవా, లేదా?”

కళ్యాణ్ తల దించుకున్నాడు. “తీసిన.” కొంచెం ఆగి, “నీ కోసమే తీసిన,” అన్నాడు. “ఆమె ఆడుడు బంద్ చేసింది. పెట్టె అడుగున పడేసింది. నువ్వేమో ప్రతి ఆదివారం ఓడిపోయి వచ్చి, అన్నం తినకుండ పడుకునేదానివి. ఆ ఒక్క కార్డు ఉంటే నువ్వు గెలుస్తవని నాకు తెలుసు. పెట్టె జరుపుతుంటే మూత ఊడి సామానంత కింద పడ్డది, కార్డు కనబడ్డది. ఒక్క నిమిషం బుద్ధి గడ్డి తిన్నది.”

“ఒక్క నిమిషం అయితే మాఫ్ చేస్తుంటి.” నర్మద గొంతు పెంచలేదు. “ఆమె పోయినంక నేను ఎట్ల ఏడ్చిన్నో నీ కండ్లతోని చూసినవ్. నౌకరీ వస్తే మనుషులు మారుతరు, విడిచిపెట్టు అన్నది ఎవరు? నువ్వే గదా. నా పక్కన కూర్చుని, నా వీపు నిమిరి అన్నవ్. అది ఒక్క నిమిషమా? రెండేండ్లు కళ్యాణ్!”

“చెప్తే నువ్వు నాతోని మాట్లాడకపోతుంటివి.”

“అందుకని ఆమెతోని మాట్లాడకుంట చేసినవ్.”

పైనుంచి మైకులో రెండో సెమీఫైనల్ ఫలితం చెబుతున్నారు. దోమలగూడ అభిజిత్ గెలిచాడు. ఫైనల్ ఇంకాసేపట్లో.

“సాయంత్రం జవాబు చెప్తా అన్న గదా,” అంది నర్మద. “ఇప్పుడే చెప్తున్న. వద్దు.”

కళ్యాణ్ మొహం నల్లబడింది. ఇంతసేపూ తప్పు చేసినవాడిలా నిలబడ్డ మనిషికి ఆ ఒక్క మాటతో పౌరుషం తన్నుకొచ్చింది. “నీకు ఆట నేర్పింది నేను. చేతిల ఉన్న కట్టల సగం కంటే ఎక్కువ నావే. నేను వద్దు గని, నా కార్డులు కావాల్నా నీకు?”

అనేశాక అతడికే తెలిసింది, ఏమన్నాడో. “నర్మదా, అది కాదు, కోపంల...” అంటూ ముందుకు వచ్చాడు.

నర్మద అప్పటికే మెట్టు మీద కూర్చుంది. పెట్టె తెరిచి కట్ట ఒళ్లో పోసుకుంది. ఒక్కొక్క కార్డూ తొడుగులోంచి లాగి పక్కన పేర్చసాగింది. సంకెళ్లు. సంధి. ఏనుగు.

“ఏం చేస్తున్నవ్! ఆట అయినంక ఇయ్యి. నేను ఏమన్న ఇప్పుడు అడిగిన్నా?”

“ఇప్పుడే. ఇంకెవరి సొమ్ము నా చేతిల ఉండొద్దు.”

“పిచ్చి పట్టిందా? పుణె పోయేదానివి!”

“పోతనో పోనో. తీసుకో.”

అతడు అందుకోకపోతే చొక్కా జేబులో కుక్కింది. జేబులో పట్టనివి చేతిలో పెట్టింది. ఒళ్లో ఆమె సొంత కార్డులు పలచటి పొరగా మిగిలాయి. వాటితో కోట కాదు గదా, గోడ కూడా లేవదు. కళ్యాణ్ ఆ కార్డులు పట్టుకుని అలాగే నిలబడి, ఇంకేం చెయ్యాలో తెలియక, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మైకులో ఆమె పేరు పిలిచారు.

పైకి వచ్చేసరికి ఫైనల్ బల్ల చుట్టూ జనం మూగి ఉన్నారు. అభిజిత్ తన కట్ట కలిపి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంజనీరింగ్ చదివే సన్నటి పిల్లవాడు, కళ్లద్దాలు. అతడిదీ కంట్రోల్ డెక్కే. నర్మద విజయశ్రీ గారి దగ్గరికి వెళ్లి, కట్ట లేదని చెప్పింది. ఎందుకు లేదో చెప్పలేదు. ఆమని మాత్రం ఆ చేతుల్లోని ఖాళీ తొడుగులను చూసి ఒక్క అంగలో వచ్చింది.

“ఏందే ఇది? ఇచ్చేసినవా? అన్ని ఇచ్చేసినవా?”

నర్మద తలూపింది.

“పొద్దున జాబితాలో రాయించిన కార్డులే ఉండాలి,” అన్నారు విజయశ్రీ గారు ఇబ్బందిగా. “వేరే కట్ట ఒప్పుకోం. కాని అవే కార్డులు ఇంకొకరి దగ్గర అరువు తెచ్చుకోవచ్చు. ఫైనల్ గంట కొట్టేలోపు కట్ట నిండాలి తల్లీ. నిండకపోతే అభిజిత్ గెలిచినట్టే.”

ఆమని పక్కనున్న కుర్చీ ఎక్కింది. ఆఫీసులో నోరెత్తని మనిషని పేరున్న ఆమని, హాలంతా వినబడేలా అరిచింది: “అన్నా, అక్కా, జర ఇటు వినుండ్రి! సంధి కావాలె, సంకెళ్లు కావాలె, ఏనుగు కావాలె! ఎవ్వరి దగ్గర ఉన్నా ఇయ్యుండ్రి, నాది జిమ్మేదారి!”

కొందరు సంచులు తడుముకున్నారు, కొందరు తల దించుకున్నారు. ఒకమ్మాయి వచ్చి ఒక సంకెళ్ల కార్డు పెట్టింది. ఇంకొకాయన రెండు సంధులు తెచ్చాడు. అంతే. కంట్రోల్ డెక్ ఆడేవాళ్లే తక్కువ, ఆ కార్డులు ఎవరి దగ్గర ఉంటాయి?

నర్మదకు కాళ్లు ఒకచోట నిలవడం లేదు. బల్ల చుట్టూ తిరుగుతోంది.

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. అభిజిత్ లేచాడు. బల్ల కిందనుంచి తన సంచి తీసి భుజాన వేసుకున్నాడు. గుంపు దారి ఇచ్చింది. అతడు తిన్నగా వచ్చి నర్మద ముందు సంచి దించి, జిప్పు తెరిచాడు. లోపల పెట్టెలు పెట్టెలుగా కార్డులు.

“నీకు కావాల్సినయి అన్ని నా దగ్గర ఉన్నయ్ అక్కా,” అన్నాడు. “ఇస్త. కాని ఒక షరతు.”

“ఏంది?”

అతడి చూపు నర్మదను దాటి, కుర్చీ మీద నిలబడ్డ ఆమని భుజానికి వేలాడుతున్న సంచి మీద ఆగింది.

“ఆ జలప్రళయం కూడా నీ కట్టల ఉండాలె. అది లేని నిన్ను ఓడించి నేను పుణెకు ఏం మొకం పెట్టుకుని పోవాలె? అది ఉంటెనే నేను కార్డులు ఇస్త. లేకుంటే లేదు.”

హాల్లోని చూపులన్నీ ఆమని మీదకు తిరిగాయి. ఆమని చెయ్యి సంచి జిప్పు మీద పడింది. తెరవడానికో, ఎవరూ తెరవకుండా పట్టుకోవడానికో నర్మదకు తెలియలేదు. విజయశ్రీ గారు గంట వైపు నడిచారు.